టామ్‌క్యాట్ స్టార్ట్ అయిందంటోంది, బ్రౌజర్‌లో మాత్రం 404: ఎక్కడ వెతకాలి

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. విండోస్ మీద ఎక్లిప్స్ (కోడ్ రాసే ఎడిటర్), అందులో కొత్తగా పెట్టిన టామ్‌క్యాట్ 10.1 (జావా వెబ్ అప్లికేషన్లని నడిపే సర్వర్), దాని మీద స్ప్రింగ్ 5 అనే జావా ఫ్రేమ్‌వర్క్‌తో రాసిన పాత ప్రాజెక్టు. కన్సోల్‌లో "సర్వర్ స్టార్టప్ ఇన్ 4213 మిల్లీసెకండ్స్" అని వస్తోంది, బ్రౌజర్‌లో మాత్రం 404, అంటే పేజీ దొరకలేదని. టామ్‌క్యాట్ అప్లికేషన్లు పెట్టుకునే వెబ్‌యాప్స్ ఫోల్డర్ తెరిస్తే మీ ప్రాజెక్టు జాడే లేదు. టామ్‌క్యాట్ స్టార్టప్ సెట్టింగులు రాసే సెట్‌ఎన్వ్.బ్యాట్‌లో మెమొరీ పెంచినా తేడా లేదు. రెండోసారి రన్ చేస్తే ఒక్కోసారి 8080 పోర్టు ఇప్పటికే వాడుకలో ఉందని ఆగిపోతోంది. టామ్‌క్యాట్‌ని రెండుసార్లు తీసేసి మళ్లీ పెట్టినా అదే తంతు.

ఇంకోసారి తీసేసి పెట్టకండి. పోయినచోటే వెతుక్కోవాలంటారు, మీరు వెతుకుతున్న ఫోల్డర్‌లో అసలేమీ పోలేదు. మీరు తెరిచి చూస్తున్న టామ్‌క్యాట్ వేరు, ఎక్లిప్స్ నడుపుతున్న టామ్‌క్యాట్ వేరు. వెబ్‌యాప్స్‌లో ప్రాజెక్టు కనపడకపోవడానికీ, సెట్‌ఎన్వ్ పనిచేయకపోవడానికీ ఇదొక్కటే కారణం. 404 సంగతి వేరు, అది స్ప్రింగ్ 5కీ టామ్‌క్యాట్ 10.1కీ పొసగక వస్తున్నదని నా గట్టి అనుమానం. పోర్టు గొడవ మూడోది, అన్నిటికంటే తేలిక.

ఒక్క మాట: కమాండ్లు, ఫైలు పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు మామూలు ఇంగ్లిష్ అక్షరాలే వాడాలి.

లాగ్‌లో మొదటి ముప్ఫై లైన్లు

టామ్‌క్యాట్ లేవగానే, మీ కోడ్ జోలికి రాకముందే, తన వివరాలన్నీ కన్సోల్‌లో రాసుకుంటుంది. ఎర్ర అక్షరాల్లో ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లు ఎర్రర్లనుకుని కంగారు పడతారు, అలవాటైనవాళ్లు చూడకుండానే దాటేస్తారు. ఆ ఎరుపుకి అర్థమేమీ లేదు. జావా లాగింగ్ స్టాండర్డ్ ఎర్రర్ స్ట్రీమ్‌లోకి రాస్తుంది, ఎక్లిప్స్ ఆ స్ట్రీమ్‌ని ఎరుపులో చూపిస్తుంది, అంతే. అక్కడ నాలుగు లైన్లు చదవండి: సర్వర్ వెర్షన్ నేమ్, జావా హోమ్, క్యాటలినా_బేస్, క్యాటలినా_హోమ్.

క్యాటలినా_హోమ్ అంటే మీరు జిప్ విప్పిన చోటు, టామ్‌క్యాట్ సొంత జార్లు (జావా లైబ్రరీ ఫైళ్లు) ఉండేది. క్యాటలినా_బేస్ అంటే ఇప్పుడు నడుస్తున్న ఈ ఒక్క సర్వర్ తాలూకు కాన్ఫిగరేషన్, అప్లికేషన్లు, వర్క్ ఫోల్డర్ ఉండేది. కమాండ్ లైన్ నుంచి నడిపితే రెండూ ఒకటే. ఎక్లిప్స్‌లో కావు. బేస్ దగ్గర మీ వర్క్‌స్పేస్ దారి, దాని వెనక .మెటాడేటా, .ప్లగిన్స్, ఆర్గ్.ఎక్లిప్స్.డబ్ల్యూఎస్‌టీ.సర్వర్.కోర్, చివర్న టీఎంపీ0 అని కనిపిస్తుంది. మీ ప్రాజెక్టు ఉన్నది ఆ టీఎంపీ0లోని డబ్ల్యూటీపీవెబ్‌యాప్స్ ఫోల్డర్‌లో. రెండో సర్వర్ పెట్టుకుంటే దానికి టీఎంపీ1 వస్తుంది.

కాన్ఫిగరేషన్ ఫైళ్లకీ ఇదే లెక్క. ప్రాజెక్ట్ ఎక్స్‌ప్లోరర్‌లో మీరు పెట్టకపోయినా 'సర్వర్స్' అనే ప్రాజెక్టు ఒకటి ఉంటుంది. సర్వర్.ఎక్స్‌ఎంఎల్ అయినా, కాంటెక్స్ట్.ఎక్స్‌ఎంఎల్ అయినా, టామ్‌క్యాట్-యూజర్స్.ఎక్స్‌ఎంఎల్ అయినా మార్చాల్సింది అక్కడ. పబ్లిష్ చేసినప్పుడల్లా, అంటే ప్రాజెక్టుని సర్వర్‌లోకి పంపినప్పుడల్లా, ఎక్లిప్స్ వాటిని టీఎంపీ0లోని కాన్ఫ్‌లోకి కాపీ చేస్తుంది. కాబట్టి టామ్‌క్యాట్ ఫోల్డర్‌లో మార్చినది ఎవరూ చదవరు, టీఎంపీ0లో నేరుగా మార్చినది తర్వాతి పబ్లిష్‌కి కొట్టుకుపోతుంది.

సెట్‌ఎన్వ్.బ్యాట్‌ని పిలిచేది క్యాటలినా.బ్యాట్. ఎక్లిప్స్ ఆ స్క్రిప్టుని ముట్టుకోదు, బూట్‌స్ట్రాప్ అనే జావా క్లాసుని నేరుగా నడుపుతుంది. కాబట్టి మెమొరీ పెంచాలంటే 'సర్వర్స్' వ్యూలో సర్వర్ మీద డబుల్ క్లిక్ చేసి, 'ఓపెన్ లాంచ్ కాన్ఫిగరేషన్' నొక్కి, ఆర్గ్యుమెంట్స్ ట్యాబ్‌లో వీఎం ఆర్గ్యుమెంట్స్ చివర -ఎక్స్‌ఎంఎక్స్1024ఎం చేర్చండి. అక్కడ ముందే ఉన్న -డీక్యాటలినా.బేస్ లాంటివి చెరపకండి. చేర్చింది పట్టిందో లేదో లాగ్ మొదట్లో 'కమాండ్ లైన్ ఆర్గ్యుమెంట్' అనే లైన్లలో తెలిసిపోతుంది. లాగింగ్.ప్రాపర్టీస్‌ని కూడా ఎక్లిప్స్ ఇదే కారణంగా చదవదు. క్యాటలినా లాగు, లోకల్‌హోస్ట్ లాగు ఫైళ్లలోకి వెళ్లవు, అంతా కన్సోల్‌లోనే పడుతుంది. యాక్సెస్ లాగ్ ఒక్కటే టీఎంపీ0లోని లాగ్స్‌లో దొరుకుతుంది. విండోస్ సర్వీసుగా పెట్టిన టామ్‌క్యాట్ కూడా సెట్‌ఎన్వ్‌ని చదవదు, దానికి టామ్‌క్యాట్10డబ్ల్యూ.ఎక్స్ఈలోని జావా ట్యాబ్ ఉంది.

సర్వర్ ఎడిటర్‌లో 'యూజ్ టామ్‌క్యాట్ ఇన్‌స్టలేషన్' అనే ఆప్షన్ పెట్టుకోమని చాలామంది సలహా ఇస్తారు. అది బూడిద రంగులో నొక్కడానికి వీల్లేకుండా ఉంటే, సర్వర్ నుంచి ప్రాజెక్టులన్నీ తీసేసి, 'క్లీన్' చేసి, అప్పుడు చూడండి. నన్నడిగితే డిఫాల్టే మంచిది. రెండు ప్రాజెక్టులు రెండు సర్వర్ల మీద నడుపుకునేవాళ్లకి ఒకదాని సెట్టింగు ఇంకోదానికి అంటుకోదు.

404ల్లో రెండు రకాలున్నాయి

ముందుగా, ఎక్లిప్స్ నుంచి నడిపినప్పుడు లోకల్‌హోస్ట్:8080 అని మాత్రమే కొడితే 404 రావడం మామూలే. పిల్లి బొమ్మ ఉన్న ఆ స్వాగత పేజీ రూట్ అనే అప్లికేషన్‌లో ఉంటుంది, అది ఇన్‌స్టలేషన్ ఫోల్డర్‌లోని వెబ్‌యాప్స్‌లో ఉంది, ఇక్కడ లేదు. దాన్ని చూసి టామ్‌క్యాట్ పాడైందనుకోవద్దు.

ఇప్పుడు మీ అప్లికేషన్ యూఆర్‌ఎల్ కొట్టి, వచ్చిన 404 పేజీని జాగ్రత్తగా చదవండి. "హెచ్‌టీటీపీ స్టేటస్ 404" అన్న పెద్ద అక్షరాల కింద 'టైప్' అనీ, 'డిస్క్రిప్షన్' అనీ లైన్లుంటాయి. ఆ రెండింటి మధ్య 'మెసేజ్' అనే లైను ఉందా లేదా అన్నదే అసలు విషయం.

మెసేజ్ లైను లేకపోతే, ఆ పేరుతో కాంటెక్స్ట్, అంటే టామ్‌క్యాట్‌లో నడిచే అప్లికేషన్, ఏదీ నడవడం లేదు. యూఆర్‌ఎల్‌లో పేరు తప్పు, లేదా అప్లికేషన్ లేవబోయి పడిపోయింది. మెసేజ్ లైనులో "ది రిక్వెస్టెడ్ రిసోర్స్ ... ఈజ్ నాట్ అవైలబుల్" అని ఉంటే, అప్లికేషన్ బతికే ఉంది, అందులో ఆ దారికి సమాధానం చెప్పేది లేదు. మొదటిదానికి స్టార్టప్ లాగ్ తవ్వాలి, రెండోదానికి మ్యాపింగ్, అంటే ఏ యూఆర్‌ఎల్‌కి ఏ కోడ్ అన్నది, చూడాలి. ఈ ఒక్క లైను చూడక మ్యాపింగ్‌ల మీద పూటంతా గడిపేవాళ్లున్నారు. వేరుగా నడిపే టామ్‌క్యాట్‌లో ఈ పరీక్ష పనికిరాదు. అక్కడ దిక్కులేని యూఆర్‌ఎల్‌లన్నిటికీ రూట్ అప్లికేషనే జవాబు చెబుతుంది కాబట్టి మెసేజ్ ఎప్పుడూ ఉంటుంది.

పేరు సంగతి: ప్రాజెక్టు పేరు మార్చినా కాంటెక్స్ట్ రూట్ (యూఆర్‌ఎల్‌లో వాడే అప్లికేషన్ పేరు) పాతదే ఉండిపోతుంది. సర్వర్ ఎడిటర్ అడుగున 'మాడ్యూల్స్' ట్యాబ్‌లో పాత్ దగ్గర ఏముందో అదే యూఆర్‌ఎల్‌లో కొట్టాలి, పెద్ద చిన్న అక్షరాల తేడాతో సహా. మార్చాలంటే ప్రాజెక్ట్ ప్రాపర్టీస్‌లో 'వెబ్ ప్రాజెక్ట్ సెట్టింగ్స్'లో మార్చి, సర్వర్ నుంచి ప్రాజెక్టు తీసేసి మళ్లీ చేర్చండి. అలా చేయకపోతే పాత కాంటెక్స్ట్ సర్వర్.ఎక్స్‌ఎంఎల్‌లో మిగిలిపోయి, "మల్టిపుల్ కాంటెక్స్ట్స్ హ్యావ్ ఎ పాత్ ఆఫ్..." అంటూ పబ్లిషే ఆగిపోవచ్చు. అప్పుడు 'సర్వర్స్' ప్రాజెక్టులోని సర్వర్.ఎక్స్‌ఎంఎల్ తెరిచి అక్కర్లేని కాంటెక్స్ట్ ట్యాగ్ చేత్తో తీసేయండి.

అప్లికేషన్ పడిపోయిన సంగతి: "సర్వర్ స్టార్టప్" లైను సర్వర్ లేచిందని మాత్రమే చెబుతుంది. దానికి పైన "వన్ ఆర్ మోర్ లిజనర్స్ ఫెయిల్డ్ టు స్టార్ట్", దాని వెంటే "కాంటెక్స్ట్ ... స్టార్టప్ ఫెయిల్డ్ డ్యూ టు ప్రీవియస్ ఎర్రర్స్" అని ఉంటే మీ అప్లికేషన్ లేదన్నమాటే. వేరుగా నడిపే టామ్‌క్యాట్‌లో అసలు కారణం క్యాటలినా లాగులో ఉండదు, తేదీతో ఉన్న లోకల్‌హోస్ట్ లాగు ఫైల్లో ఉంటుంది. ఇది తెలియక క్యాటలినా లాగు మాత్రమే పట్టుకుని కూర్చుంటే కారణం ఎప్పటికీ దొరకదు.

కొన్ని తప్పులు మాత్రం మొత్తం సర్వర్‌నే కూలుస్తాయి. ఒకే యూఆర్‌ఎల్ ప్యాటర్న్‌ని రెండు సర్వ్‌లెట్లకి (రిక్వెస్టుకి జవాబిచ్చే జావా క్లాసులకి) ఇవ్వడం, ప్యాటర్న్ మొదట్లో స్లాష్ మర్చిపోవడం అలాంటివి. లైఫ్‌సైకిల్‌ఎక్సెప్షన్, "ఎ చైల్డ్ కంటైనర్ ఫెయిల్డ్ డ్యూరింగ్ స్టార్ట్" అని పేజీల కొద్దీ వస్తాయి. అవన్నీ పై పొట్టు. అడుక్కి వెళ్లి, చివరి 'కాజ్డ్ బై' లైను చదవండి. "ఆర్ బోత్ మ్యాప్డ్ టు ది యూఆర్‌ఎల్-ప్యాటర్న్" అని రెండు క్లాసుల పేర్లతో సహా అక్కడ ఉంటుంది. ఒక సర్వ్‌లెట్‌ని కాపీ చేసి పేరు మార్చి, వెబ్‌సర్వ్‌లెట్ అనొటేషన్‌లో దారి మార్చడం మర్చిపోతే వచ్చేది ఇదే.

ఎటూ తేలకపోతే ప్రాజెక్టులో చెక్.జేఎస్‌పీ అని ఒక ఫైలు పెట్టి అందులో మూడే ఎక్స్‌ప్రెషన్లు రాయండి: అప్లికేషన్.గెట్‌సర్వర్‌ఇన్ఫో(), అప్లికేషన్.గెట్‌రియల్‌పాత్("/"), సిస్టమ్.గెట్‌ప్రాపర్టీ("జావా.హోమ్"). ఏ టామ్‌క్యాట్, ఏ ఫోల్డర్, ఏ జావా అన్నది నడుస్తున్న సర్వరే స్వయంగా చెబుతుంది. రియల్‌పాత్ చూపిన ఫోల్డర్ తెరిచి, అందులో వెబ్-ఇన్ఫ్ కింద క్లాసెస్‌లో మీ క్లాసులు, లిబ్‌లో మీ జార్లు ఉన్నాయో లేదో కళ్లారా చూడండి.

జావాఎక్స్ పోయి జకార్తా వచ్చింది

మీ 404కి అసలు కారణం ఇక్కడుందనుకుంటున్నాను. ఒరాకిల్ 2017లో జావా ఈఈని (సర్వర్ అప్లికేషన్ల కోసం ఉన్న జావా ప్రమాణాలని) ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి అప్పగించింది. 'జావాఎక్స్' అనే ప్యాకేజీ పేరు వాడుకునే హక్కు మాత్రం దాంతో రాలేదు. దాంతో 2020లో వచ్చిన జకార్తా ఈఈ 9లో జావాఎక్స్.సర్వ్‌లెట్ కాస్తా జకార్తా.సర్వ్‌లెట్ అయింది. టామ్‌క్యాట్ 9 పాత పేరు మీద నడుస్తుంది, 10 నుంచి కొత్త పేరు. స్ప్రింగ్ 5, స్ప్రింగ్ బూట్ 2 పాత పేరువి. స్ప్రింగ్ 6, స్ప్రింగ్ బూట్ 3 కొత్త పేరువి, వాటికి జావా 17 తప్పనిసరి.

టామ్‌క్యాట్ 10.1 మీద పాత కోడ్ పెడితే ఎప్పుడూ ఒకే రకంగా పగలదు. తికమకంతా అక్కడే. సర్వ్‌లెట్‌ని అప్లికేషన్ కాన్ఫిగరేషన్ ఫైలైన వెబ్.ఎక్స్‌ఎంఎల్‌లో రాసి ఉంటే నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్ వస్తుంది, జావాఎక్స్/సర్వ్‌లెట్/హెచ్‌టీటీపీ/హెచ్‌టీటీపీసర్వ్‌లెట్ దొరకలేదని. ఇది నయం, కారణం మొహం మీదే ఉంటుంది. ఆ ఎర్రర్ చూసి జావాఎక్స్ సర్వ్‌లెట్ జార్‌ని తెచ్చి లిబ్‌లో పడేస్తే, ఎర్రర్ మారి "క్లాస్ ... ఈజ్ నాట్ ఎ సర్వ్‌లెట్" అంటుంది. మీ క్లాసు జావాఎక్స్ దృష్టిలో సర్వ్‌లెట్టే, జకార్తా దృష్టిలో కాదు. ఇక మూడో రకం, అన్నిటికంటే చెడ్డది: ఏ ఎర్రరూ రాదు. మీరు వెబ్‌సర్వ్‌లెట్ అనొటేషన్ వాడితే, టామ్‌క్యాట్ 10.1 జకార్తా అనొటేషన్ కోసమే వెతుకుతుంది, జావాఎక్స్‌ది కనపడినా పట్టించుకోదు. వెబ్.ఎక్స్‌ఎంఎల్ లేని స్ప్రింగ్ ప్రాజెక్టుదీ ఇదే గతి. స్ప్రింగ్ 5 తన ఇనిషియలైజర్‌ని మెటా-ఇన్ఫ్ సర్వీసెస్‌లో జావాఎక్స్ పేరుతో నమోదు చేసుకుంటుంది, 10.1 ఆ ఫైలు వైపు చూడదు. సర్వర్ హాయిగా లేస్తుంది, అప్లికేషన్ ఖాళీ డబ్బాలా డిప్లాయ్ అవుతుంది, ప్రతి యూఆర్‌ఎల్‌కీ మెసేజ్ లైనుతో 404. కన్సోల్‌లో "ఎట్ లీస్ట్ వన్ జార్ వాజ్ స్కాన్డ్ ఫర్ టీఎల్‌డీస్" తర్వాత స్ప్రింగ్ తాలూకు ఒక్క లైను కూడా లేకపోతే మీకు జరుగుతున్నది ఇదే.

పాత ప్రాజెక్టుకి టామ్‌క్యాట్ 9 పెట్టండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు, స్ప్రింగ్ 5కి అదే సరైన జోడీ. 8.5 మాత్రం వద్దు, దానికి 2024 మార్చి 31తో సపోర్టు ఆగిపోయింది. ఎక్లిప్స్‌లో టామ్‌క్యాట్ 9 రన్‌టైమ్ చేర్చాక, ప్రాజెక్ట్ ప్రాపర్టీస్‌లో 'టార్గెటెడ్ రన్‌టైమ్స్'లో దాన్ని టిక్ చేయండి, 'ప్రాజెక్ట్ ఫేసెట్స్'లో డైనమిక్ వెబ్ మాడ్యూల్‌ని 4.0కి దించండి. 10.1కి అది 6.0, టామ్‌క్యాట్ 9 ఆ 6.0ని ఒప్పుకోదు. కొన్నిసార్లు ఎక్లిప్స్ వెర్షన్ దించనివ్వదు. అప్పుడు ఎక్లిప్స్ మూసి, ప్రాజెక్టులోని .సెట్టింగ్స్ ఫోల్డర్‌లో పేరు చివర ప్రాజెక్ట్.ఫేసెట్.కోర్.ఎక్స్‌ఎంఎల్ అని ఉన్న ఫైల్లో జేఎస్‌టీ.వెబ్ పక్కన వెర్షన్ చేత్తో మార్చి, మళ్లీ తెరిచి, మేవెన్ (జావా బిల్డ్ టూల్) 'అప్‌డేట్ ప్రాజెక్ట్' చేయండి.

కోడ్‌నే 10.1కి మార్చాలనుకుంటే స్ప్రింగ్ 6కి వెళ్లాలి, అది ఒక రోజు పని కాదు. ప్యాకేజీ పేర్లని గుడ్డిగా ఫైండ్ అండ్ రీప్లేస్ చేయొద్దు. జావాఎక్స్ అని ఉన్నవన్నీ మారలేదు. సర్వ్‌లెట్, పర్సిస్టెన్స్, వ్యాలిడేషన్ మారాయి. జావాఎక్స్.ఎస్‌క్యూఎల్, జావాఎక్స్.నేమింగ్, జావాఎక్స్.క్రిప్టో, జావాఎక్స్.నెట్.ఎస్ఎస్‌ఎల్ జేడీకేలో భాగం, అవి అలాగే ఉంటాయి. ట్రాన్సాక్షన్ మారింది, దాని కింద ఎక్స్‌ఏ మారలేదు. పాత జేఎస్‌టీఎల్ (జేఎస్‌పీ పేజీల్లో వాడే ట్యాగుల లైబ్రరీ) 1.2 జార్ కూడా 10.1 మీద పనిచేయదు, జకార్తా జేఎస్‌టీఎల్ పెట్టాలి.

పాత వార్ ఫైలు (అప్లికేషనంతా కట్టిన ప్యాకేజీ) 10.1 మీద నడుస్తుందో లేదో ఊరికే చూడాలంటే ఒక కిటుకు ఉంది. వేరుగా విప్పిన టామ్‌క్యాట్‌లో వెబ్‌యాప్స్ పక్కన వెబ్‌యాప్స్-జావాఈఈ అనే ఫోల్డర్ చేసి అందులో వార్ వేయండి. టామ్‌క్యాటే దాన్ని జకార్తాకి మార్చి వెబ్‌యాప్స్‌లోకి తోస్తుంది. రోజువారీ కోడింగ్‌కి పనికొచ్చేది కాదు, పరీక్షకి బాగుంటుంది.

ఏ జావా?

టామ్‌క్యాట్ 9కి జావా 8, 10.1కి 11, 11కి 17: ఇవి కనీసం ఉండాల్సినవి. అన్‌సపోర్టెడ్‌క్లాస్‌వెర్షన్‌ఎర్రర్ వస్తే అందులోని రెండు అంకెలే జవాబు. 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21. "61.0తో కంపైల్ అయింది, నాకు 55.0 వరకే తెలుసు" అంటే, మీరు 17తో బిల్డ్ చేసి 11 మీద నడుపుతున్నారు. ఆ ఎర్రర్‌లో ఉన్న క్లాసు పేరు కూడా చూడండి. అది మీ క్లాసైతే బిల్డ్ సెట్టింగు మార్చాలి, టామ్‌క్యాట్ తాలూకు బూట్‌స్ట్రాప్ అయితే టామ్‌క్యాట్‌కిచ్చిన జావాయే పాతది.

ఈ జావా ఎక్కడి నుంచి వస్తుందన్నది ఇంకో చిక్కు. కమాండ్ లైన్లో టామ్‌క్యాట్ జేఆర్ఈ_హోమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంటే దాన్నే తీసుకుంటుంది, లేకపోతేనే జావా_హోమ్. ఎప్పుడో పెట్టి మర్చిపోయిన జేఆర్ఈ_హోమ్ ఒకటి ఉంటే, మీరు జావా_హోమ్ ఎన్నిసార్లు మార్చినా వృథా. జావా -వెర్షన్ అని కొట్టి చూడటం కూడా రుజువు కాదు. ఆ కమాండ్ పాత్ అనే విండోస్ సెట్టింగుని చూస్తుంది, ఒరాకిల్ ఇన్‌స్టాలర్ తన జావాపాత్ ఫోల్డర్‌ని పాత్‌లో ముందుకి తోసి ఉంటుంది. ఎక్లిప్స్ వీటిలో దేన్నీ చూడదు: ప్రిఫరెన్సెస్, సర్వర్, రన్‌టైమ్ ఎన్విరాన్‌మెంట్స్‌లో మీ టామ్‌క్యాట్‌ని ఎడిట్ చేస్తే కనిపించే జేఆర్ఈనే వాడుతుంది. అక్కడ 'వర్క్‌బెంచ్ డిఫాల్ట్' అని వదిలేయకుండా ఫలానా జేడీకే అని ఎంచుకోండి.

పోర్టు

ఎక్లిప్స్ టామ్‌క్యాట్‌కి రెండు పోర్టులు కావాలి: 8080 మీద హెచ్‌టీటీపీ, 8005 మీద షట్‌డౌన్. 8009 మీది ఏజేపీ కనెక్టర్ 2020లో బయటపడ్డ ఘోస్ట్‌క్యాట్ లోపం తర్వాత డిఫాల్ట్‌గా మూసి ఉంటుంది, దాన్ని తెరవనక్కర్లేదు. "టామ్‌క్యాట్ అడ్మిన్ పోర్ట్" దగ్గర అంకె బదులు చిన్న గీత ఉండి, పోర్టులు సరిగా లేవని ఎక్లిప్స్ అంటే, అక్కడ 8005 రాసి సేవ్ చేయండి.

పోర్టు ఎవరి చేతిలో ఉందో చూడటానికి కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌స్టాట్ -ఏఎన్‌ఓ | ఫైండ్‌స్ట్ర్ :8080. 'లిజనింగ్' అని ఉన్న లైను చివరి అంకె ప్రాసెస్ నంబర్. వెంటనే చంపేయకండి, ముందు టాస్క్ మేనేజర్ 'డీటెయిల్స్'లో అదేమిటో చూడండి. జావా.ఎక్స్ఈ అయితే ఎక్లిప్స్ క్రాష్ అయినప్పుడు మిగిలిపోయిన మీ పాత టామ్‌క్యాటే కావచ్చు: టాస్క్‌కిల్ /పీఐడీ, ఆ నంబర్, /ఎఫ్. టామ్‌క్యాట్ పేరుతో ఉన్న ఎక్స్ఈ అయితే ఇన్‌స్టాలర్‌తో పెట్టిన సర్వీసు. దాన్ని చంపినా రీస్టార్ట్ చేస్తే మళ్లీ లేస్తుంది, సర్వీసెస్‌లో 'మాన్యువల్'కి మార్చండి. డెవలప్‌మెంట్ మెషీన్లో ఇన్‌స్టాలర్ వద్దు, జిప్ చాలు. అదీ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాదు, సీ డ్రైవ్‌లో స్పేస్ లేని ఒక మామూలు ఫోల్డర్‌లో. టీఎన్‌ఎస్ లిజనర్ అని కనిపిస్తే ఒరాకిల్ ఎక్స్ఈ 11జీ, దాని వెబ్ పేజీ కూడా 8080నే పట్టుకుంటుంది. జెంకిన్స్ కూడా అంతే. వీటితో కొట్లాడేకన్నా టామ్‌క్యాట్‌ని 8081కి మార్చుకోవడం తేలిక, సర్వర్ ఎడిటర్‌లోని 'పోర్ట్స్'లో.

నెట్‌స్టాట్‌లో ఎవరూ లేరు, అయినా పోర్టు దొరకదంటోంది అంటే విండోసే దాన్ని అట్టిపెట్టుకుంది. హైపర్-వీ, డాకర్ డెస్క్‌టాప్, డబ్ల్యూఎస్‌ఎల్ ఉన్న మెషీన్లలో పోర్టుల గుంపులు కొన్ని రిజర్వ్ అయిపోతాయి. నెట్‌ఎస్‌హెచ్ ఇంటర్‌ఫేస్ ఐపీవీ4 షో ఎక్స్‌క్లూడెడ్‌పోర్ట్‌రేంజ్ ప్రోటోకాల్=టీసీపీ అని కొడితే ఆ జాబితా వస్తుంది. 8080 అందులో పడితే పోర్టు మార్చండి, లేదా అడ్మినిస్ట్రేటర్‌గా నెట్ స్టాప్ విన్‌నాట్, తర్వాత నెట్ స్టార్ట్ విన్‌నాట్ కొట్టండి.

టామ్‌క్యాట్ 9కి మారాక ఎదురయ్యేవి

మొదటిది కాంటెక్స్ట్‌లోడర్‌లిజనర్ తాలూకు క్లాస్‌నాట్‌ఫౌండ్‌ఎక్సెప్షన్. కంపైల్‌కి దొరికిన జార్ రన్‌లో దొరకట్లేదంటే డబ్ల్యూటీపీవెబ్‌యాప్స్‌లో మీ లిబ్ ఫోల్డర్ ఖాళీగా ఉందని అర్థం. ప్రాజెక్ట్ ప్రాపర్టీస్, 'డిప్లాయ్‌మెంట్ అసెంబ్లీ', యాడ్, 'జావా బిల్డ్ పాత్ ఎంట్రీస్', మేవెన్ డిపెండెన్సీస్. అది వెబ్-ఇన్ఫ్/లిబ్‌కి చేరుతున్నట్టు చూపాలి. చూపుతున్నా ఖాళీగానే ఉంటే సర్వర్ ఆపి, సర్వర్ మీద రైట్ క్లిక్ చేసి 'క్లీన్' చేయండి. విండోస్‌లో నడుస్తున్న టామ్‌క్యాట్ జార్లని పట్టుకుని ఉంటుంది కాబట్టి నడుస్తుండగా క్లీన్ చేస్తే సగం చెరిపి ఆగిపోవచ్చు. వర్క్‌స్పేస్ వన్‌డ్రైవ్ సింక్ అయ్యే డెస్క్‌టాప్ మీద ఉంటే "కుడ్ నాట్ డిలీట్... మే బి లాక్డ్ బై అనదర్ ప్రాసెస్" మాటిమాటికీ వస్తుంది. వర్క్‌స్పేస్‌ని అక్కణ్నుంచి తీసేయడమే దానికి మందు.

సర్వ్‌లెట్ ఏపీఐ జార్ మాత్రం లిబ్‌లో ఉండకూడదు. మేవెన్‌లో దానికి స్కోప్ 'ప్రొవైడెడ్' ఉండాలి. నోసచ్‌మెథడ్‌ఎర్రర్ వస్తే ఒకే లైబ్రరీవి రెండు వెర్షన్లున్నాయి. ఎంవీఎన్ డిపెండెన్సీ:ట్రీ చూడండి. అప్పటికీ తేలకపోతే ఆ క్లాసు మీద గెట్‌ప్రొటెక్షన్‌డొమైన్(), దాని మీద గెట్‌కోడ్‌సోర్స్(), దాని మీద గెట్‌లొకేషన్() ప్రింట్ చేయండి, ఏ జార్ నుంచి లోడ్ అయిందో పూర్తి దారితో చెబుతుంది.

డేటాబేస్‌ని జేఎన్‌డీఐ ద్వారా, అంటే కనెక్షన్‌ని టామ్‌క్యాట్ దగ్గర పేరుతో అడిగి, వాడుతుంటే, డ్రైవర్ జార్ టామ్‌క్యాట్ ఇన్‌స్టలేషన్‌లోని లిబ్‌లో ఉండాలి. కనెక్షన్ పూల్‌ని తయారుచేసేది టామ్‌క్యాట్, మీ అప్లికేషన్ లోపలి జార్లు దానికి కనపడవు. "కెనాట్ క్రియేట్ జేడీబీసీ డ్రైవర్ ఆఫ్ క్లాస్ '' ఫర్ కనెక్ట్ యూఆర్‌ఎల్ 'నల్'" అని ఖాళీ కొటేషన్లతో వస్తే డ్రైవర్ని అనుమానించకండి. వెబ్.ఎక్స్‌ఎంఎల్‌లో రిసోర్స్ పేరు ఉంది, దానికి సరిపోయే నిర్వచనం కాంటెక్స్ట్‌లో లేదు. పేరులో ఒక అక్షరం తేడా అయినా, కాంటెక్స్ట్.ఎక్స్‌ఎంఎల్‌ని తప్పు కాపీలో మార్చినా ఇదే వస్తుంది.

"45 సెకన్లలో స్టార్ట్ కాలేదు" అని వస్తే టైమౌట్ పెంచమని ఎక్లిప్సే సలహా ఇస్తుంది. పెంచేముందు ఆ 45 సెకన్లు ఎక్కడ పోయాయో చూడండి. లాగ్‌లో ప్రతి ఎంట్రీకీ టైమ్ ఉంటుంది, పెద్ద ఖాళీ ఎక్కడుందో కంటికి తెలుస్తుంది. జార్ల స్కానింగ్ దగ్గరైతే యాంటీవైరస్‌ని అనుమానించండి, డేటాబేస్ లైను దగ్గరైతే చేరలేని హోస్ట్ కోసం ఎదురుచూస్తోంది. డీబగ్ మోడ్‌లో మాత్రమే అలా అయితే, ఎక్కడో ఒక మెథడ్ డిక్లరేషన్ మీద బ్రేక్‌పాయింట్ పెట్టి మర్చిపోయారు. అవి స్టార్టప్‌ని విపరీతంగా నెమ్మదింపజేస్తాయి.

ఇవన్నీ చేశాక కూడా లేవకపోతే ఎక్లిప్స్‌ని పక్కకి తప్పించండి. టామ్‌క్యాట్ 9 జిప్‌ని కొత్త ఫోల్డర్‌లో విప్పి, ప్రాజెక్టులో ఎంవీఎన్ క్లీన్ ప్యాకేజ్ చేసి, టార్గెట్‌లోని వార్‌ని దాని వెబ్‌యాప్స్‌లో వేసి, బిన్‌లో క్యాటలినా రన్ అని కొట్టండి. స్టార్టప్.బ్యాట్ వద్దు. అది వేరే కిటికీ తెరుస్తుంది, ఫెయిల్ అయితే ఎర్రర్ చదివేలోపు మూసుకుపోతుంది. ఇక్కడ నడిస్తే తప్పు ఎక్లిప్స్ సెట్టింగుల్లో ఉంది, సర్వర్‌ని, 'సర్వర్స్' ప్రాజెక్టుని తీసేసి కొత్తగా చేర్చండి. ఇక్కడా నడవకపోతే కోడ్‌లోనో పోమ్‌లోనో (మేవెన్ బిల్డ్ ఫైల్లో) ఉంది. అప్పుడు లాగ్ మొదటి ముప్ఫై లైన్లు, చివరి 'కాజ్డ్ బై' దగ్గర్నుంచి ఓ పది లైన్లు, పోమ్‌లో డిపెండెన్సీల భాగం పెట్టండి. పాస్‌వర్డ్లుంటే తీసేసి. 404 స్క్రీన్‌షాట్ పెడితే మెసేజ్ లైను ఉండాల్సిన చోటు కత్తిరించకుండా పెట్టండి.